ఐదంకణాల గదిలో నలుగురం

మా నెల్లూరులో స్థలం కొనేవాళ్ళు గజాలు అడగరు, అంకణాలు అడుగుతారు. మా లెక్కలో అంకణమంటే ఆరడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు. అంటే 36 చదరపు అడుగులు. ముప్పై రెండేళ్ళు హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయినదాన్ని, ఏ జాగా చూసినా నా మనసులో ముందు అంకణాలే తిరుగుతాయి. అలాంటిది, మా అమ్మాయి హ్యూస్టన్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, ఓడలో నూట ఎనభై చదరపు అడుగుల రూమ్, బాల్కనీ కూడా ఉంది, ఏడు రోజులు" అనగానే ఏ లెక్కా వేయకుండా సరేనన్నాను. 180ని 36తో భాగిస్తే ఐదు. ఐదంకణాల్లో నలుగురం: నేను, మా ఆయన, అమ్మాయి, తొమ్మిదేళ్ళ మనవడు. అల్లుడికి సెలవు దొరకలేదు. అది అతని అదృష్టమని రెండో రోజుకే అందరికీ అర్థమైంది.

హ్యూస్టన్ నుంచి కారులో గంట దూరం గాల్వెస్టన్ రేవు. మెక్సికోలోని కొజుమెల్‌కీ, హొండూరస్ దగ్గరున్న రోవతాన్ దీవికీ అక్కడి నుంచే ఓడలు బయల్దేరతాయి. ఊరి నుంచి అమ్మానాన్నలు వస్తే టెక్సాస్‌లోని మనవాళ్ళు ఆలోచించే ప్రయాణాల్లో ఇదొకటి. మేమెక్కిన ఓడ పేరు చెప్పను. తప్పు మాదే, చూసుకోకుండా బుక్ చేశాం.

గది తలుపు తీయగానే బాగుందనే అనుకున్నాం. తెల్లటి పక్క, ఎదురుగా గాజు తలుపు, దాని అవతల సముద్రం. పొడవు ఇరవై అడుగులు, వెడల్పు తొమ్మిది. ఇది బ్రోచర్ చెప్పిన మాట కాదు, నేను కొలిచిందే. జాకెట్లు కుట్టుకునే టేపు నా చేతిసంచిలో ఎప్పుడూ ఉంటుంది. మధ్యాహ్నం అందరూ భోజనానికి పోయాక కూర్చుని లెక్క వేశాను. బాత్‌రూమ్ 28 చదరపు అడుగులు, మంచం 39, బీరువాలు 12, బల్లా కుర్చీ కలిపి 12, సోఫా 15. మొత్తం 106. మిగిలింది 74. అందులో బాత్‌రూమ్ పక్క నుంచి లోపలికి నడిచే సందు 21. అది నడవడానికే తప్ప నిలబడి ఏ పనీ చేసుకోవడానికి పనికిరాదు. చేతికొచ్చింది 53, ఒకటిన్నర అంకణాల లోపు.

ఇది పగటి లెక్క. రాత్రి భోజనం చేసి వచ్చేసరికి గది చూసే అబ్బాయి సోఫాను మంచంగా పరిచి, గోడలోంచి ఒక బల్లమంచాన్ని కిందికి దించి, దానికో నిచ్చెన తగిలించి వెళ్ళాడు. సోఫా తెరుచుకుని ఇంకో 13 అడుగులు మింగేసింది. మిగిలిన 40 అడుగుల్లోనే నిచ్చెన, నాలుగు జతల చెప్పులు, మంచం కింద పట్టని ఒక పెట్టె. మా ఆయనకు రాత్రి రెండుసార్లు లేవడం అలవాటు. మొదటిసారి నిచ్చెనకు మోకాలు కొట్టుకుంది, రెండోసారి పైమంచం అంచుకు తల. "బస్సులో పడుకున్నా ఇంతకన్నా నయమే" అన్నాడు చీకట్లో. మనవడు పైనుంచి, "తాతా, ఇది నా రూమ్, సౌండ్ చేయొద్దు" అన్నాడు.

మూడో రోజు ముస్తాబై భోజనానికి వెళ్ళే రాత్రి వచ్చింది. నాకు వెంకటగిరి చీర కట్టుకోవాలని ఉంది. ఆరు గజాల చీరంటే పద్దెనిమిది అడుగులు. కుచ్చిళ్ళు పెట్టుకోవాలంటే చేతులు చాచి నిలబడటానికి చోటుండాలి, కొంగు సరిచేసే మనిషి రెండడుగులు వెనక్కి జరగగలగాలి. అమ్మాయి వెనక్కి జరిగితే బల్ల తగులుతోంది, నేను జరిగితే సోఫా. చివరికి నేను నడిచే సందులో, అమ్మాయి తలుపు తెరిచి వరండాలో నిలబడి కొంగు పట్టుకుంది. ఆ దారిన పోతున్న తెల్లావిడ ఒకరు ఆగి, ఎంత పొడవమ్మా అని ఆశ్చర్యపోతూ ఇంకో కొస పట్టుకుంది. చీర చక్కగా కుదిరింది. కాకపోతే నా గది చాలలేదనీ, ఓడ వరండా చాలిందనీ అప్పుడు తెలిసింది.

ఇంటికొచ్చాక ఈ గదులు ఇంత చిన్నవెందుకని కాస్త వివరంగా చదివాను. మొదట తెలిసిన సంగతేమిటంటే, పెద్ద ఓడల్లో చాలా గదుల్ని ఓడలో కట్టరు. ఫ్యాక్టరీలో పెట్టెలా తయారుచేస్తారు. గోడలు, పైకప్పు, బాత్‌రూమ్, వైరింగు అన్నీ అమర్చిన గదిని తీసుకొచ్చి ఓడ చట్రంలోకి సొరుగు తోసినట్టు తోస్తారు. ఫిన్‌లాండ్‌లో తుర్కు నౌకా నిర్మాణ కేంద్రానికి దగ్గరలో పీక్కియో అనే ఊళ్ళో ఇలాంటి గదుల కర్మాగారం ఉంది. 2024 జనవరిలో ప్రయాణాలు మొదలుపెట్టిన ఐకన్ ఆఫ్ ద సీస్‌ను కట్టింది తుర్కులోనే. ఇరవై అంతస్తుల ఓడ, పూర్తిగా నిండితే ఏడున్నర వేల మందికి పైగా ప్రయాణికులు. అన్ని వేల మందికి పడక చూపించాలంటే పెట్టెలన్నీ ఇంచుమించు ఒకే కొలతలో ఉండక తప్పదు. గోడలు చాలావరకు ఉక్కు రేకువే. ఇది మనకు పనికొచ్చే సంగతి. అయస్కాంతం కొక్కేలు నాలుగు పట్టుకెళితే సంచులూ టోపీలూ తువ్వాళ్ళూ గోడకెక్కుతాయి, నేల ఖాళీ అవుతుంది.

పాత ఓడల్లో గదులు ఇంకా చిన్నవి. 2022లో మన విశాఖపట్నం నుంచి పుదుచ్చేరి, చెన్నైలకు తిరిగిన ఎంప్రెస్ గుర్తుందా? అది 1990లో నార్డిక్ ఎంప్రెస్ అనే పేరుతో మొదలైన ఓడ. ఆ కాలపు ఓడల్లో మామూలు గది 120 చదరపు అడుగులకు అటూ ఇటూ ఉండేది. మూడంకణాల పైచిలుకు. గది నిద్రకే, మిగతా పొద్దంతా పైన డెక్కుల మీద గడపాలన్నది అప్పటి పద్ధతి. బాల్కనీలు ఆ రోజుల్లో అరుదు. 1984లో వచ్చిన రాయల్ ప్రిన్సెస్‌లో గదులన్నీ సముద్రం వైపే పెట్టడం అప్పట్లో పెద్ద వార్త. కాబట్టి ఓడ పేరు వినగానే ముందు అడగాల్సింది అది ఏ సంవత్సరంలో కట్టిందని. రంగులు కొత్తగా వేస్తారు, పరుపులు మారుస్తారు. గోడల్ని జరపడం అంత తేలిక కాదు.

ఇక చదరపు అడుగుల అంకె. దాన్ని నమ్మండి, కానీ అందులో ఏమేం కలిపారో అడగండి. కొన్ని కంపెనీలు బాల్కనీని విడిగా చెబుతాయి, కొన్ని కలిపేస్తాయి. వైకింగ్ సముద్రపు ఓడల్లో అన్నిటికన్నా తక్కువ రకం గది 270 అని చూసి అబ్బో అనుకున్నాను. తర్వాత చూస్తే అందులో బాల్కనీ కూడా ఉంది. అయినా పెద్దదే, అయితే ఆ ఓడలు పద్దెనిమిదేళ్ళ లోపు పిల్లల్ని ఎక్కించుకోవు. డిస్నీ డ్రీమ్‌లో కిటికీ లేని మామూలు గది 169. అంకె చిన్నదే. కానీ ఆ కంపెనీ ఓడల్లో చాలా గదులకు బాత్‌రూమ్‌ను రెండుగా విడదీశారు. ఒకదాంట్లో టాయిలెట్, ఇంకోదాంట్లో స్నానం, రెండింటిలోనూ వాష్‌బేసిన్. పొద్దున్నే నలుగురు తయారవ్వాల్సిన ఇంట్లో ఆ చిన్న గోడ విలువ ఇరవై చదరపు అడుగుల కన్నా ఎక్కువని నేనంటాను. ఒంటరిగా వెళ్ళేవాళ్ళకు నార్వీజియన్ ఎపిక్‌లో 2010 నుంచి స్టూడియో అని 100 చదరపు అడుగుల గదులున్నాయి. ఒక మనిషికి, ఒక పెట్టెకు అది సరిపోతుంది.

"నలుగురికి సరిపడే గది" అని రాసి ఉంటే దాని అర్థం నాలుగు పడకలున్నాయని మాత్రమే. నలుగురు మసలగలరని కాదు. ఇద్దరు పడుకునే గదికీ నలుగురు పడుకునే గదికీ చాలా ఓడల్లో కొలత ఒకటే, తేడా అంతా గోడలో దాగిన బల్లమంచాలదే. అందుకే చార్జీలు కూడా గదికి ఇద్దరు అన్న లెక్కన చెబుతారు. మూడో మనిషికి, నాలుగో మనిషికి తగ్గిస్తారు. ఒక్కరే ఉంటే దాదాపు రెండో టికెట్టు డబ్బు కూడా కట్టించుకుంటారు. ఆ తగ్గింపు చూసే మా అమ్మాయి మురిసిపోయింది. కూతురు ఆదా చేస్తానంటే ఏ తల్లి కాదంటుంది?

రెండేళ్ళ తర్వాత మళ్ళీ వెళ్ళాం. ఈసారి డెక్ ప్లాను ప్రింటు తీయించి, ఎర్ర పెన్ను పట్టుకుని నేనే కూర్చున్నాను. ఓడ కంపెనీలన్నీ అంతస్తులవారీగా ఈ ప్లానులు ఇస్తాయి. గది నంబరు పక్కన చిన్న గుర్తులుంటాయి. పైమంచం ఉందా, సోఫా మంచమవుతుందా, పక్క గదితో కలిపే తలుపుందా, చక్రాల కుర్చీ పట్టే గదా అని వాటిని బట్టి చెప్పొచ్చు. ఒకే ధర, ఒకే పేరున్న గదుల్లోనూ కొన్ని వెడల్పుగా కనిపిస్తాయి. ఓడ వంపు తిరిగే చోట, చివర మూలల్లో గోడ లెక్క మారుతుంది. ఓడ వెనక వైపు గదులకు కొన్ని ఓడల్లో బాల్కనీలు పెద్దవి. గది పైన వంటశాలో ఈతకొలనో ఉంటే మాత్రం పొద్దున్నే కుర్చీలు లాగే మోత తప్పదు. సముద్రం పడనివాళ్ళకు నడిమి భాగంలో, కింది అంతస్తుల్లో కుదుపు తక్కువ. కాస్త తక్కువకు వస్తుందని కంపెనీ ఇష్టానికి గదిని వదిలేసే టికెట్టు ఒకటుంది. ఇద్దరే అయితే తీసుకోండి. పిల్లలూ పెద్దలూ ఉన్నవాళ్ళకు అది జూదం.

మోకాళ్ళు బాగోలేనివాళ్ళు, చక్రాల కుర్చీ వాడేవాళ్ళు ఒక్క సంగతి ముందే చూసుకోవాలి. మామూలు గది తలుపు చాలా ఓడల్లో రెండడుగుల లోపే. కుర్చీ పట్టదు. మడిచి వరండాలో పెట్టనివ్వరు, అది అందరూ నడిచే దారి. వాళ్ళ కోసం వెడల్పాటి తలుపు, గడప లేని బాత్‌రూమ్, కుర్చీ తిప్పుకునే జాగా ఉన్న గదులు వేరే ఉంటాయి. కొద్దిగానే ఉంటాయి కాబట్టి త్వరగా అయిపోతాయి. అవసరం లేనివాళ్ళు పెద్ద గదని ఆశపడి అవి తీసుకోవడం నాకు నచ్చదు.

ఈసారి మేం బాల్కనీ వదిలేశాం. కిటికీ లేని గదులు రెండు, పక్కపక్కన, మధ్యలో తలుపుతో తీసుకున్నాం. అందరికీ పూర్తి టికెట్లే. అయినా నలుగురం ఒకే బాల్కనీ గదిలో ఉంటే అయ్యేదాని కన్నా కొంచెమే ఎక్కువైంది. ఎప్పుడూ ఇలాగే ఉంటుందని చెప్పను, రెండు లెక్కలూ పక్కపక్కన వేసి చూడండి. పిల్లలు ఒక గదిలో, పెద్దలు ఒక గదిలో అంటే కొన్ని కంపెనీలు ఒప్పుకోవు. గదికొక పెద్దవారి పేరు రాయమంటాయి. మేం ఒక్కో గదికి ఒక్కొక్క జంట పేరు రాశాం, తాతా మనవడూ ఒకటి, నేనూ అమ్మాయీ ఒకటి. ఇంకో చిక్కుంది. గదిలో నాలుగో పడక ఖాళీగా ఉన్నా ఒక్కోసారి నాలుగో మనిషిని చేర్చుకోరు. ప్రమాదం వస్తే చేరాల్సిన చోటుకూ, లైఫ్‌బోటుకూ ఇంతమందే అన్న పరిమితి ఉంటుంది, అది నిండితే అంతే. ఆలస్యంగా బుక్ చేసే పెద్ద కుటుంబాలకు ఇది తగులుతుంది.

రెండు గదులంటే రెండు బాత్‌రూమ్‌లు, రెండు బీరువాలు. నిచ్చెన లేదు. సోఫా పరచొద్దని మొదటి రోజే గది చూసే అబ్బాయికి చెప్పాం, అడ్డంగా ఉన్న చిన్న బల్లను కూడా తీసేశాడు. అడిగితే చాలావరకు చేస్తారు, మనమే మొహమాటపడతాం. కిటికీ లేకపోతే ఊపిరాడదేమోనని మా ఆయన బయల్దేరేముందు భయపడ్డాడు. గాలికి లోటు లేదు కానీ తెల్లవారిందో లేదో తెలియదు. టీవీలో ఓడ ముందు భాగం చూపించే చానల్ ఒకటుంటే దాన్ని మాట లేకుండా పెట్టి పడుకున్నాడు. తెల్లవారితే తెర తెల్లబడేది.

కొత్తగా పెళ్ళయినవాళ్ళు బాల్కనీ తీసుకోండి, ఇద్దరికి ఐదంకణాలు పుష్కలం. నలుగురైతే మాత్రం నా మాట రెండు గదులే, కిటికీ లేకపోయినా సరే. సముద్రం చూడటానికి పైన బోలెడన్ని కుర్చీలున్నాయి. మెత్తటి పెట్టెలు తీసుకెళ్ళండి, మంచం కిందికి దూరతాయి. కొలతకు టేపు, గోడకు అయస్కాంతం కొక్కేలు వేసుకోండి. ఇస్త్రీపెట్టె, రైస్ కుక్కర్ ఇంట్లోనే వదిలేయండి, స్కానింగ్‌లో పట్టుకుని లోపలికి పోనివ్వరు. మా కుక్కర్‌ను దిగేటప్పుడు వరసలో నిలబడి సంతకం పెట్టి తెచ్చుకున్నాం.