హోటల్ పాయింట్లు పోతున్నాయంటూ మెయిల్ వచ్చిందా? కంగారుపడి రూమ్ బుక్ చేయొద్దు!

'మీ పాయింట్లు ఎక్స్‌పైర్ అవుతున్నాయ్.. వెంటనే బుక్ చేసుకోండి' అంటూ హోటల్ లాయల్టీ ప్రోగ్రామ్‌ల పేరుతో మెయిల్స్ వస్తుంటాయి. అది చూసి అవసరం లేని రూమ్‌కి డబ్బులు కట్టేస్తే నష్టం మీకే.

అసలు రూల్ ఏంటంటే.. మారియట్ బాన్‌వాయ్, హిల్టన్ ఆనర్స్‌లో వరుసగా 24 నెలలు అకౌంట్‌లో ఏ యాక్టివిటీ లేకపోతేనే పాయింట్లు పోతాయి. ఈలోపు కొన్ని పాయింట్లు సంపాదించినా, వాడినా గడువు మళ్లీ మొదటి నుంచి లెక్క. హోటల్‌లో బస చేయాల్సిన పనే లేదు. ఈ ముక్క చెప్పకుండా భయపెట్టే మెయిల్స్‌తోనే చిక్కు! ఫ్రీ నైట్ సర్టిఫికెట్లకు మాత్రం ఇది వర్తించదు.. వాటి డేట్ డేటే.

మెయిల్‌లో లింక్ నొక్కకుండా నేరుగా యాప్‌లోకెళ్లి గడువు తేదీ చూసుకోండి. లేని తొందర పుట్టించి కొనిపించడాన్ని కేంద్రం 2023 నవంబర్‌లో డార్క్ ప్యాటర్న్స్ జాబితాలో చేర్చింది. మన దేశంలో ఇలా మోసపోతే 1915కి ఫోన్ చేసి ఫిర్యాదు చేయొచ్చు.