పల్లీల పచ్చడి: పిండి తక్కువగా, పావుగంటలో

నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతముల ఇండ్లలో జొన్నరొట్టె పెనము దిగులోపల పల్లీల పచ్చడి సిద్ధమగుట క్రొత్త సంగతి కాదు. వనపర్తి, గద్వాల వైపు యాసంగిలో వేరుశనగ విరివిగా పండును గనుక కాయలకు కొరత లేదు. అయితే ఇంట నొకరికి మధుమేహ మున్నదని వైద్యుడు చెప్పిననాడు గృహిణికి కలుగు మొదటి సందేహము, ఈ పచ్చడి కూడ మానవలెనా యని.

మానవలసిన పని లేదు. 100 గ్రాముల పల్లీలలో మాంసకృత్తులు సుమారు 25 గ్రాములు, కొవ్వు 40 మొదలు 50 గ్రాములు ఉండగా, పిండిపదార్థములు 16, 17 గ్రాములు మాత్రమే. అదే తూకము పుట్నాలలో ఇవి 50 గ్రాములకు పైబడును. ఫలాహారశాలలలో చట్నీ చిక్కబడుటకును, ఖర్చు కలిసివచ్చుటకును పుట్నాలు కలుపుట పరిపాటి. పులుపు విరుగుటకు బెల్లము వేయువారును కలరు. ఇంట ఈ రెండును విడిచిన చాలును.

ఒక కప్పు పల్లీలను మూకుడులో నూనె లేకుండ సన్నని సెగపై ఎనిమిది, పది నిమిషములు కలుపుచు వేయించవలెను. తొందరపడి మంట పెంచినచో పైపొట్టు మాడును, లోపల పచ్చిగనే యుండును. చల్లారిన పిమ్మట అరచేత నలిపి, చేటతో చెరిగి పొట్టు తీయవలెను. పొట్టు కొంత మిగిలినను నష్టము లేదు, అది పీచే గదా. అదే మూకుడులో చెంచెడు నూనె వేసి ఐదారు పచ్చిమిరపకాయలు మగ్గించి, అర చెంచా జీలకర్ర, నాలుగు ఎల్లిపాయ రెబ్బలు, ఉసిరికాయంత కాక గోలీకాయంత చింతపండు, తగిన ఉప్పు చేర్చి, పల్లీలతో కలిపి నూరవలెను. రోలైనను మిక్సీయైనను సరియే, మెత్తని ముద్ద కాకుండ కొంచెము పలుకుగా నుండనిండు. నీరు కొద్దికొద్దిగా పోయవలెను. ఆవాలు, ఎండుమిరప, కరివేపాకు పోపు పెట్టినచో పని ముగియును.

ఇక పల్లీలను ఏరుట. దీనిని తేలికగా తలపరాదు. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా టర్కీకోళ్లు చనిపోగా, బూజుపట్టిన వేరుశనగ పిండి మేతయే కారణమని తేలినది. ఆ బూజు పుట్టించు విషమునకు అఫ్లటాక్సిన్ అని పేరు. అది కాలేయమునకు చేటు. వేయించినంతనే అది పూర్తిగా నశింపదు, పైగా మిరప ఘాటు, ఎల్లిపాయ వాసన చేదును కప్పివేయును. మే మొకపర్యాయము ఏరక నూరి, నోట పెట్టిన పిమ్మట చేదు తెలిసి, గిన్నెడు పచ్చడిని పారవేసితిమి. ముడుతపడినవి, రంగు మారినవి, బూజు మరకలున్నవి వేయించుటకు ముందే తీసివేయవలెను. నిలువ గింజలు తేమ తగులని డబ్బాలో నుండవలెను.

పిండి తక్కువ యనగా ఎంతైనను తినవచ్చునని యర్థము కాదు, కొవ్వు మెండు గనుక రెండు మూడు చెంచాలు చాలును. రొట్టెలోని పిండి రొట్టెదే, పచ్చడి దానిని తగ్గింపదు. నీరు పోసి నూరినది ఆనాడే తినవలెను. మరునాటికి కావలసినవారు నీరు లేకుండ పొడిగా దంచి, సీసాలో నుంచుకొనవచ్చును.