గడ్డి నేలపై తొలి విమానం

నేలమీద నిలబడి రేడియో తరంగాలతో నడిపే చిన్న విమానాలను మీలో కొందరు చూసే ఉంటారు. ఎన్.సి.సి. వైమానిక విభాగంలో చేరిన విద్యార్థులకు నమూనా విమానాల గురించి నేర్పుతారు కూడా. వాటిని చూడగానే యుద్ధవిమానంలా ఉన్నదాన్నే కొనాలని మనసు పుడుతుంది. అలా కొన్న విమానం చాలాసార్లు మొదటి రోజే ముక్కలవుతుంది. ఎందుకని?

విమానం మననుంచి దూరంగా పోతున్నంతసేపు దాని కుడి మన కుడే. మలుపు తిరిగి మనవైపు వచ్చేటప్పుడు దాని కుడి మనకు ఎడమవుతుంది. కొత్తవారు ఇక్కడే తడబడతారు. ఆలోచించుకొనే వ్యవధి చిక్కాలంటే విమానం నెమ్మదిగా ఎగరాలి. ఒరిగితే చాలావరకు తనంత తానే సర్దుకోవాలి. అందుకే శిక్షణ విమానాలకు రెక్కను పైభాగాన అమర్చి, దాని కొనలను కొద్దిగా పైకి ఎత్తుతారు. ఒరిగిన విమానం ఆ పక్కకు జారుతుంది. అప్పుడు కిందికి వాలిన రెక్కకు గాలి ఎక్కువ కోణంలో తగిలి దాన్ని పైకి లేపుతుంది. రెక్క పొడవు ఒకటిన్నర మీటర్లు, బరువు రెండు, రెండున్నర కిలోలు ఉన్న విమానం మొదట నేర్చుకోవడానికి అనువైనది.

ఇక నేల సంగతి. తారు వేసిన దారి అందరికీ దొరకదు. దొరికేది ఆటస్థలమో, ఊరి బయట పచ్చికబయలో. గడ్డిలో చిన్న చక్రాలు కూరుకుపోతాయి. ముక్కు కింది చక్రం గుంటలో పడిందంటే విమానం తలకిందులై ప్రొపెల్లర్ విరుగుతుంది. కాబట్టి ఐదు సెంటీమీటర్ల చక్రాలు తీసి, ఏడున్నర సెంటీమీటర్లవి వేయడం మంచిది. ప్రొపెల్లర్ కొన గడ్డికి తగలకుండా కూడా ఇవి కాపాడతాయి.

గడ్డి పట్టును తెంచుకొని పైకి లేవడానికి ఇంజనుకు బలం కావాలి. ఈ పరిమాణం విమానాలకు సాధారణంగా '40' తరగతి ఇంజను వాడతారు. అంటే 0.40 ఘనపుటంగుళాలు, సుమారు 6.5 ఘనపు సెంటీమీటర్లు. గడ్డి నేలకైతే 7.5 ఘనపు సెంటీమీటర్ల '46' ఇంజను నయమని నా అభిప్రాయం. అంతకన్నా పెద్దదైతే ముక్కు బరువెక్కుతుంది. దీని ఇంధనంలో మిథైల్ ఆల్కహాలు, నైట్రోమీథేన్, కందెన నూనె ఉంటాయి. ఆ నూనె చాలాసార్లు మన ఆముదమే! బాగా వేడెక్కినా అది లోహాన్ని అంటిపెట్టుకొని ఉంటుంది.

ఇప్పుడు బ్యాటరీతో నడిచే తేలికపాటి నురగ విమానాలు కూడా దొరుకుతున్నాయి. వాటిలో కొన్నింటికి చక్రాలే ఉండవు. చేత్తో విసిరి ఎగరవేసి, గడ్డిమీదనే పొట్టతో దింపవచ్చు. ఖర్చు తగ్గాలనుకొనేవారికి ఇదే సులువైన దారి.

ఏదైనా సరే, ప్రొపెల్లర్ నిమిషానికి 10,000 సార్లు తిరిగే కత్తి వంటిది. ఇంజనును సరిచేయాలంటే వెనకవైపునుంచే చేయి పెట్టాలి. 2021 డ్రోన్ నియమాల ప్రకారం ఎరుపు మండలంగా గుర్తించిన చోట కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా ఎగరవేయరాదు.

ఎగరవేసే ముందు నేలంతా ఒకసారి నడిచి రాళ్లు ఏరండి. విమానాన్ని గాలికి ఎదురుగా నిలపండి. పరుగు మొదట్లో ఎత్తు మీటను కొద్దిగా వెనక్కి లాగితే ముక్కు చక్రంపై భారం తగ్గుతుంది. వేగం పుంజుకొనేకొద్దీ మెల్లగా వదలండి.