నిలబడినచోటే ఊపిరి ఆగింది: హిల్స్‌బరో మృతులను మరువని కుటుంబాలు

ప్రతి సంవత్సరం ఏప్రిల్ 15వ తేదీ మధ్యాహ్నం 3 గంటల 6 నిమిషాలకు ఇంగ్లాండులోని లివర్‌పూల్ నగరంలో ఎందరో తలవంచి మౌనంగా నిలబడతారు. 1989లో సరిగ్గా ఆ నిమిషాన ఒక ఫుట్‌బాల్ ఆటను మధ్యలో ఆపేశారు. ఆ ఆట చూడటానికి వెళ్ళినవారిలో 97 మంది ప్రాణాలు పోయాయి. అందరికన్నా చిన్నవాడికి 10 ఏళ్ళు, పెద్దాయనకు 67 ఏళ్ళు.

“ఇన్నేళ్ళయింది కదా, ఇంకా ఎందుకు తలచుకోవడం?” అని కొందరు అడుగుతారు. మన మధ్య దుఃఖంలో ఉన్నవారిని కూడా మనం తెలియక ఇదే మాట అడుగుతుంటాం. ఆ కుటుంబాలు ఎందుకు మరువలేదో తెలుసుకుంటే మనకు రెండు సంగతులు బోధపడతాయి. ఒకటి, జనం ఒత్తిడిలో మనిషి ప్రాణం ఎలా పోతుందన్నది. రెండవది, తమవారు ఎలా చనిపోయారో నిజం తెలియనంతవరకు ఇంటివారి దుఃఖం ఎందుకు మానదన్నది.

ఆ రోజు ఏమి జరిగింది?

షెఫీల్డ్ నగరంలోని హిల్స్‌బరో స్టేడియంలో లివర్‌పూల్, నాటింగ్‌హామ్ ఫారెస్ట్ జట్ల మధ్య ఎఫ్.ఎ. కప్ సెమీఫైనల్ జరగవలసి ఉంది. ఆ రోజుల్లో గోల్ వెనుక భాగంలో కుర్చీలు ఉండేవి కావు. జనం నిలబడి చూసేవారు. ఆ స్థలాన్ని ఇనుప కంచెలతో దొడ్లలాగా విడదీశారు. మైదానంలోకి ఎవరూ దూకకుండా ముందు కూడా ఎత్తయిన కంచె కట్టారు.

బయట గేట్ల దగ్గర రద్దీ ప్రమాదకరంగా పెరగడంతో 2 గంటల 52 నిమిషాలకు పోలీసుల ఆదేశంపై ఒక పెద్ద గేటు తెరిచారు. లోపలికి వచ్చిన రెండు వేలకు పైగా జనంలో ఎక్కువమంది ఎదురుగా కనిపించిన సొరంగ మార్గంలోకి వెళ్ళారు. అది మధ్య దొడ్లలోకి దారి తీస్తుంది. అవి అప్పటికే నిండిపోయి ఉన్నాయి. పక్క దొడ్లలో చోటు ఉంది. కానీ సొరంగాన్ని మూసి జనాన్ని అటు పంపినవారు లేరు. వెనుకనుండి వచ్చేవారికి ముందు ఏమవుతున్నదో తెలియదు. ముందున్నవారికి కంచె దాటి తప్పించుకునే దారి లేదు.

94 మంది ఆ రోజే చనిపోయారు. మరొకరు కొద్ది రోజులకు ఆసుపత్రిలో మరణించారు. ఇంకొక యువకుడు దాదాపు నాలుగు సంవత్సరాలు స్పృహ లేకుండా ఉండి 1993లో కన్నుమూశాడు. మెదడుకు ప్రాణవాయువు అందక తీవ్రంగా దెబ్బతిన్న మరొకరు 32 సంవత్సరాలు కుటుంబం సేవలో జీవించి 2021లో మరణించారు. ఆయన మరణానికి కూడా ఆ రోజు గాయాలే కారణమని విచారణాధికారి తేల్చారు. అలా 96గా ఉన్న సంఖ్య 97 అయింది.

ఊపిరి ఎలా ఆగుతుంది?

ఇలాంటి వార్త వినగానే “తొక్కిసలాట” అంటాం. కాళ్ళ కింద పడి నలిగిపోయారని అనుకుంటాం. నిజానికి ఎక్కువమంది నిలబడి ఉండగానే ఊపిరాడక చనిపోతారు.

మన ఛాతీ కొలిమి తిత్తివంటిది. గాలి లోపలికి రావాలంటే పక్కటెముకలు విచ్చుకోవాలి, కడుపుకు పైన ఉండే డయాఫ్రమ్ అనే కండరం కిందికి దిగాలి. ముందు, వెనుక గట్టిగా ఒత్తిడి పడితే ముక్కు, నోరు తెరిచి ఉన్నా తిత్తి విచ్చుకోదు. కొంతసేపటికే స్పృహ తప్పుతుంది. ఊపిరి అందకపోతే కొద్ది నిమిషాల్లో మెదడు దెబ్బతింటుంది, తరువాత గుండె ఆగుతుంది. ఒక చదరపు మీటరు చోటులో ఆరేడుగురు ఇరుక్కున్నారంటే ఎవరి అడుగు వారి చేతిలో ఉండదు. గుంపంతా నీటి కెరటంలాగా కదులుతుంది. 2015లో గోదావరి పుష్కరాల మొదటి రోజున రాజమండ్రి ఘాట్ దగ్గర జరిగిన విషాదం మనకు తెలిసినదే. ఊరు ఏదైనా, సందర్భం ఏదైనా, శరీరానికి జరిగే హాని ఒక్కటే.

నింద మోసిన కుటుంబాలు

ఆ సాయంత్రం నుండే తప్పు చనిపోయినవారి మీద మోపారు. అభిమానులే గేటు బద్దలు కొట్టారని పోలీసు అధికారి చెప్పారు. అది అబద్ధం. మృతులందరి రక్తంలో మద్యం ఉందేమోనని పరీక్షించారు, చిన్న పిల్లలను కూడా విడిచిపెట్టలేదు. తాగి వచ్చి చావుకు కారణమయ్యారని పత్రికల్లో రాతలు వచ్చాయి. న్యాయమూర్తి టేలర్ గారు 1989 ఆగస్టులోనే ముఖ్య కారణం పోలీసుల అదుపు తప్పడమేనని నివేదిక ఇచ్చినా నింద మాత్రం పోలేదు.

మరొక గాయం కూడా తగిలింది. మధ్యాహ్నం 3:15కే అందరికీ ప్రాణాంతకమైన దెబ్బ తగిలిపోయిందని మొదటి విచారణలో నిర్ణయించారు. కాబట్టి ఆ తరువాత ఎవరు సహాయం చేశారు, ఎవరు చేయలేదు అన్నది విననే లేదు. 1991లో “ప్రమాదవశాత్తు మరణం” అని ముగించారు. నా బిడ్డ చివరి నిమిషాల్లో ఎవరైనా చేయి అందించారా అని అడిగిన తల్లికి జవాబు దొరకలేదు.

కుటుంబాలు పట్టు విడువలేదు. లివర్‌పూల్ బిషప్ జేమ్స్ జోన్స్ గారి అధ్యక్షతన ఒక స్వతంత్ర బృందం నాలుగున్నర లక్షల పేజీల పత్రాలు పరిశీలించింది. 2012 సెప్టెంబరు 12న ఆ నివేదికను లోకానికన్నా ముందు లివర్‌పూల్ కెథెడ్రల్‌లో కుటుంబాలకు వినిపించారు. 164 పోలీసు వాంగ్మూలాలను మార్చారనీ, వాటిలో 116లో పోలీసులకు ప్రతికూలంగా ఉన్న మాటలు తీసేశారనీ అందులో బయటపడింది. వైద్య పత్రాలు చూసిన డాక్టర్ బిల్ కర్కప్ గారు మరింత బాధాకరమైన సంగతి చెప్పారు. సకాలంలో సరైన సహాయం అంది ఉంటే 41 మందికి బ్రతికే అవకాశం ఉండేది. ప్రధానమంత్రి అదే రోజు పార్లమెంటులో క్షమాపణ చెప్పారు.

2014లో కొత్త విచారణ మొదలైంది. ముందుగా ప్రతి కుటుంబం తమవారు ఎలాంటి మనిషో జ్యూరీకి చదివి వినిపించింది. ఎవరు ఏమి చదువుకున్నారు, ఏమి ఇష్టపడేవారు, ఇంట్లో ఎలా నవ్వించేవారు అన్నవన్నీ చెప్పారు. అన్నేళ్ళు ఒక సంఖ్యగా మిగిలినవారు మళ్ళీ మనుషులయ్యారు. 2016 ఏప్రిల్ 26న జ్యూరీ వారిది చట్టవిరుద్ధంగా జరిగిన మరణమనీ, అభిమానుల తప్పు లేదనీ తేల్చింది. ఆ నాటి బందోబస్తు అధికారి మీద నడిచిన కేసులో మాత్రం 2019లో వేరొక జ్యూరీ ఆయనను నిర్దోషి అన్నది. అందరికీ పూర్తి న్యాయం జరిగిందని చెప్పలేము. కానీ నా బిడ్డ తప్పేమీ లేదు అని తల్లిదండ్రులు తల ఎత్తి చెప్పగలిగారు. లివర్‌పూల్ మైదానమైన ఆన్‌ఫీల్డ్‌లో ప్రతి ఏటా జరిగే బహిరంగ జ్ఞాపకార్థ ఆరాధనను కుటుంబాల ఇష్టం ప్రకారం 2016తో ముగించారు. జ్ఞాపకం మాత్రం ముగియలేదు.

మన దేశంలోనూ ఇలాంటి జ్ఞాపకం ఉంది. 1980 ఆగస్టు 16న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ఈస్ట్ బెంగాల్, మోహన్ బగాన్ జట్ల ఆటలో గొడవ రేగి 16 మంది చనిపోయారు. ఏటా ఆ రోజున వారి పేరిట అక్కడ రక్తదానం చేస్తారు. పోయినవారి జ్ఞాపకం మరొకరి ప్రాణాన్ని నిలబెడుతోంది.

గుంపులో చిక్కుకుంటే

1. లోపలికి వెళ్ళగానే బయటకు వచ్చే దారులు ఎక్కడున్నాయో చూసుకోండి. భుజాలు రెండు పక్కలా తగులుతుంటే ఇంకా ముందుకు పోకుండా బయటపడండి.
2. రెండు చేతులూ మడిచి ఛాతీ ముందు పెట్టుకోండి. ఊపిరికి కొంచెం చోటు ఉంటుంది.
3. గుంపుకు ఎదురు తోయకండి. కెరటం కాస్త ఆగినప్పుడు ఏటవాలుగా అంచు వైపు జరగండి. గోడలకు, కంచెలకు దూరంగా ఉండండి.
4. చెప్పు, ఫోను కింద పడినా వంగకండి. పసిపిల్లలను ఎత్తుకోండి. అరిచి ఊపిరి వృథా చేసుకోకండి.
5. పడిపోతే వెంటనే లేవడానికి ప్రయత్నించండి. వీలుకాకపోతే పక్కకు తిరిగి ముడుచుకుని, చేతులతో తల కాపాడుకోండి.

బయటకు తీసినవారికి

స్పృహ లేకపోయినా ఊపిరి ఆడుతుంటే వెల్లకిలా వదిలేయకండి. నాలుక వెనక్కి జారి, లేదా వాంతి అడ్డుపడి ఊపిరి ఆగవచ్చు. పక్కకు తిప్పి పడుకోబెట్టి, గడ్డం కాస్త పైకి ఎత్తండి. ఊపిరి లేకపోతే 108కి ఫోను చేయించి, ఛాతీ మధ్యలో నిమిషానికి 100 నుండి 120 సార్లు బలంగా నొక్కండి. నేర్చుకున్నవారు నోటి ద్వారా శ్వాస కూడా ఇవ్వాలి. చనిపోయారని మనంతట మనమే నిర్ణయించి ఆపకూడదు. ఆ 41 మంది కథ చెప్పేది ఇదే. బాగానే ఉన్నానన్నవారిని కూడా ఒకసారి ఆసుపత్రిలో చూపించండి. కండరాలు నలిగితే తరువాత మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మూత్రం ముదురు రంగులో వస్తే ఆలస్యం చేయకండి.

దుఃఖంలో ఉన్నవారికి

ఆప్తులు పోయిన తేదీ దగ్గర పడుతుంటే నిద్ర పట్టకపోవడం, ఆకలి మందగించడం, గుండె బరువెక్కడం ఎన్నేళ్ళయినా జరగవచ్చు. అది బలహీనత కాదు, పిచ్చి కాదు. “నేను బ్రతికాను, వాడు పోయాడు” అని బయటపడినవారు తమను తామే నిందించుకుంటారు. అలాంటివారికి ఉపదేశం కన్నా వినే మనిషి అవసరం. వారాల తరబడి నిద్రాహారాలు లేకపోయినా, చనిపోవాలనే ఆలోచన వచ్చినా డాక్టరు గారికి చెప్పండి. టెలి మానస్ 14416 నంబరుకు ఉచితంగా ఫోను చేసి తెలుగులోనే మాట్లాడవచ్చు.

మీ సంఘంలో, మీ వీధిలో అకస్మాత్తుగా మనిషిని పోగొట్టుకున్న ఇల్లు ఉంటే, వచ్చే ఏడు ఆ తేదీని గుర్తుపెట్టుకుని ఆ ఇంటికి వెళ్ళండి. “అయ్యో, మరచిపోండమ్మా” అనకండి. పోయినవారి పేరు మీరే పలకండి. “మీ అబ్బాయి గురించి చెప్పండమ్మా” అని అడిగి, ఆమె చెప్పినంతసేపూ కూర్చోండి.