నీళ్లు పొలానికి, చేపపిల్ల నదికి: ఎలా?

అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో హుడ్ నది పక్కన ఆపిల్, పియర్ తోటలు ఎక్కువ. వసంతంలో వేలెడేసి సాల్మన్ పిల్లలు ఆ నదిలో సముద్రానికి బయల్దేరతాయి. తోటలకు నీళ్లు వదిలే కాలం కూడా అప్పుడే మొదలవుతుంది. నీరు లాగినవైపు పోయే పిల్లలకు ఏది నదో, ఏది కాలువో ఏం తెలుసు? దారి తప్పినవి పొలంలో తేలతాయి, లేదా తూము మూశాక ఎండిన కాలువలో చస్తాయి.

జల్లెడ అడ్డం పెడితే సరి!

అసలు తంటా అక్కడే. సాల్మన్ పిల్లలున్నచోట గుండ్రటి కన్నం దాదాపు 2.4 మిల్లీమీటర్లు మించకూడదని అక్కడి నిబంధన. పెసరగింజ కూడా పట్టదు! పైగా నీటి లాగుడు ఎక్కువైతే పిల్ల జల్లెడకే అతుక్కుపోతుంది. అందుకే జల్లెడను వెడల్పుగా పెట్టి, నీరు మెల్లగా దూరేలా చూస్తారు. ఇక ఆకులూ పుల్లలూ అడ్డం పడితే కాలువకు నీళ్లే ఉండవు.

1996 వరదలు అక్కడి జల్లెడలను దెబ్బతీశాయి. తర్వాత రైతుల సాగునీటి సంఘమే కొత్తది రూపొందించింది. జల్లెడను నిలబెట్టకుండా పడుకోబెట్టారు, అంతే! నీరు దానిమీదుగా జారుతుంటే కొంత కిందికి దిగి కాలువకు పోతుంది. చేపలూ చెత్తా పైనీటితో నదికి చేరతాయి. కదిలే భాగాలు లేవు, కరెంటూ అక్కర్లేదు.