స్కూల్ టూర్ అంటే సెల్ఫీలేనా? రామప్ప వెళ్లే పిల్లలకు పాఠం కూడా మిగలాలంటే ఇలా చేయండి!

స్కూల్ టూర్ అనగానే పిల్లలకు రాత్రంతా నిద్ర పట్టదు. పులిహోర డబ్బా, బస్సులో కిటికీ సీటు.. ఆ సందడే వేరు! కానీ సాయంత్రం ఇంటికొచ్చాక 'ఏం చూశావురా?' అని అడిగితే.. 'గుడి చూశాం, ఫొటోలు దిగాం' అంతే. మరి అది విహారయాత్రా? పాఠమా? ఆ తేడా ఏంటో వరంగల్ పిల్లలకు బాగా తెలిసిన రామప్పతోనే చూద్దాం.

తేలే ఇటుకే సైన్స్ పాఠం

ములుగు జిల్లా పాలంపేటలోని ఈ ఆలయాన్ని 1213లో గణపతిదేవుడి సేనాని రేచర్ల రుద్రుడు కట్టించాడు. 2021లో యునెస్కో ప్రపంచ వారసత్వ గుర్తింపు దక్కింది. దీని శిఖరానికి వాడిన ఇటుకలు నీళ్లలో తేలుతాయి. కారణం.. వాటి నిండా సన్నటి రంధ్రాలే. అందుకే వాటి సాంద్రత నీటి కంటే తక్కువ. పైన బరువు తగ్గితే కింద గోడలు, పునాదిపై భారం తగ్గినట్టే కదా!

వెళ్లే ముందు.. వచ్చాక

టూర్‌కు ముందు రోజు క్లాసులో ఒక బకెట్ నీళ్లు పెట్టండి. మామూలు ఇటుక ముక్క వేస్తే మునుగుతుంది. ఎండు కట్టె వేస్తే తేలుతుంది. 'ఎందుకు?' అన్న ప్రశ్నతో బస్సెక్కిన పిల్లాడు గుడిని వేరే కళ్లతో చూస్తాడు. తిరిగొచ్చాక ఒక పేజీ రాయించండి, ఒక బొమ్మ గీయించండి. అన్నట్టు.. అక్కడి ఇటుకలను, శిల్పాలను ముట్టుకోవద్దని ముందే చెప్పాలి.

డబ్బుల్లేవని ఆపొద్దు

టూర్ ఫీజు కట్టలేక ఇంట్లో ఉండిపోయే పిల్లలూ ఉంటారు. నగరంలోని బడులకు వరంగల్ కోట, హనుమకొండ వేయి స్తంభాల గుడి పక్కనే ఉన్నాయి. అక్కడ 1163 నాటి రుద్రదేవుడి శాసనం ఉంది. పుస్తకంలో చదివిన చరిత్ర రాతి మీద కనిపిస్తుంది.

భద్రత మరవొద్దు

2014 జూన్‌లో హిమాచల్ టూర్‌కు వెళ్లిన హైదరాబాద్ ఇంజినీరింగ్ విద్యార్థులు 24 మంది బియాస్ నదిలో కొట్టుకుపోయారు. డ్యామ్ నుంచి వదిలిన నీరు ఒక్కసారిగా ముంచెత్తింది. రామప్ప పక్కనా పెద్ద చెరువుంది. అందుకే సంతకం పెట్టే ముందు తల్లిదండ్రులు మూడు ప్రశ్నలు అడగాలి. ఎంతమంది పిల్లలకు ఒక టీచర్? నీళ్ల దగ్గర కాపలా ఎవరు? బస్సుకు ఫిట్‌నెస్ ఉందా?

వీటికి జవాబు దొరికాక నాలుగోది కూడా అడగండి.. 'ఈ టూర్‌లో మా పిల్లలు ఏం నేర్చుకుంటారు?'