మగవాడి ఆశకు గాలం వేసిన మాయలేళ్ళు

కోలారు గోల్డ్ ఫీల్డ్స్ గనులు 2001 ఫిబ్రవరి 28న మూతపడ్డాయి. అప్పటికి సుమారు 120 ఏళ్ళుగా మూడు కిలోమీటర్లకు మించిన లోతు దాకా తవ్వి, 800 టన్నులకు పైగా బంగారం తీశారు. రాబర్ట్‌సన్‌పేట, ఆండర్సన్‌పేట, మారికుప్పం వీధుల్లో ఇప్పటికీ తెలుగు, తమిళం, కన్నడం కలగలిసి వినిపించడానికి కారణం ఆ బంగారమే. పసిడి పేరు చెబితే మగవాడు ఎంత దూరమైనా వస్తాడని ఆ ఊరికి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు. ఆ బలహీనత మీదే బతికే ఆడవాళ్ళ కథలను సినిమా కూడా తొంభై ఏళ్ళుగా తవ్వుకుంటూనే ఉంది. వాటిలో కొన్ని రికార్డులు, కొన్ని వింతలు ఇవి.

కోలారు తెర మీద ఒకే ఒక్క మాయావి

కోలారు గనుల పేరును ప్రపంచమంతా మోగించిన సినిమా ‘కె.జి.ఎఫ్’. 2018లో మొదటి భాగం, 2022లో రెండో భాగం వచ్చాయి. ప్రపంచవ్యాప్త వసూళ్ళలో 1000 కోట్లు దాటిన తొలి కన్నడ చిత్రం ఆ రెండో భాగమే. గనుల దగ్గర మిగిలిన సైనైడ్ దిబ్బల మీద కూడా షూటింగ్ చేశారు. అంత బంగారం చుట్టూ నడిచే కథే అయినా, మగవాళ్ళను బురిడీ కొట్టించి బతికే కిలేడీకి అందులో చోటు దొరకలేదు. ఆ లోటును 2024 ఆగస్టు 15న విడుదలైన పా. రంజిత్ చిత్రం ‘తంగలాన్’ కొంత తీర్చింది. బ్రిటిష్ వాళ్ళ కాలంలో కోలారు బంగారం కోసం బయలుదేరిన మనుషుల కథ అది. అందులో మాళవికా మోహనన్ వేసిన ఆరతి బంగారానికి కాపలా కాసే మాయావి. ఆమె ఎవరి డబ్బూ కాజేయదు. బంగారం కోసం వచ్చిన మగవాళ్ళకే చుక్కలు చూపిస్తుంది.

వేశ్య కథ కట్టించిన థియేటర్

వేశ్య వలలో పడ్డ మగవాడి కథతో అసలైన రికార్డు కొట్టింది తమిళ ‘చింతామణి’ (1937). తీసినవాడు నెల్లూరుకు చెందిన వై.వి. రావు. 1934లో తొలి కన్నడ టాకీ ‘సతీ సులోచన’కు దర్శకుడూ ఆయనే. తెలుగువాడు తమిళంలో తీసిన ఈ సినిమాలో నాయిక కన్నడ నటి అశ్వత్థమ్మ. మూడు భాషల కోలారుకు ఇంతకన్నా దగ్గరి చుట్టం దొరకదు. ఆ వలలో పడ్డ బిల్వమంగళుడిగా ఎం.కె. త్యాగరాజ భాగవతార్ నటించిన ఈ చిత్రం ఒకే థియేటర్లో ఏడాది పాటు ఆడింది. తమిళ సినిమాకు అదే మొదటిసారి. వచ్చిన లాభాలతో మదురైలో ఏకంగా ఒక సినిమా హాలు కట్టి, దానికీ చింతామణి అనే పేరు పెట్టారు. తెర మీద మగవాళ్ళను గుల్ల చేసిన మనిషి తెర బయట ఒక సినిమా హాలును నిలబెట్టిందన్నమాట.

తల్లీకూతుళ్ళ ఉమ్మడి వ్యాపారం

తెలుగులో ‘చింతామణి’ 1933లోనే తెరకెక్కింది. 1956లో భరణీ సంస్థ మళ్ళీ తీసింది. భానుమతి చింతామణి, ఎన్.టి. రామారావు బిల్వమంగళుడు, రేలంగి సుబ్బిశెట్టి. రెంటికీ మూలం కాళ్ళకూరి నారాయణరావు నాటకం. అందులో పథకాలన్నీ తల్లి శ్రీహరివి, గాలం కూతురు. సుబ్బిశెట్టి ఆస్తి కరిగేది ఆ ఇంట్లోనే. 2001లో హాలీవుడ్ ‘హార్ట్‌బ్రేకర్స్’ తీస్తే అందులోనూ తల్లీకూతుళ్ళే. తల్లి పెళ్ళాడుతుంది, కూతురు ఆ మొగుణ్ణి వలలో వేస్తుంది, విడాకుల సొమ్ము ఇద్దరూ పంచుకుంటారు. హాలీవుడ్ మనల్ని చూసి రాసుకుందని కాదు గానీ, ముందు తెరిచిన దుకాణం మనదే.

ఈ నాటకానికి ఇంకో రికార్డూ ఉంది. తమ వర్గాన్ని కించపరుస్తోందని ఆర్యవైశ్యులు అభ్యంతరం చెప్పడంతో, రాసిన వందేళ్ళకు, 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రదర్శనలను నిషేధించింది. గొడవ మోసం చేసిన చింతామణి గురించి కాదు, మోసపోయిన వైశ్యుడు సుబ్బిశెట్టి గురించి!

తొలి దొంగ పెళ్లికూతురు మగపిల్లాడు

పెళ్ళాడి, నగలతో ఉడాయించే మనిషిని పేపర్లు ‘నిత్య పెళ్లికూతురు’ అంటాయి. హిందీలో ఈ బాపతు కథకు పేరుపడ్డది 2015 నాటి ‘డాలీ కీ డోలీ’. అందులో సోనమ్ కపూర్ తొలిరాత్రి పాలల్లో మత్తు కలిపి, నకిలీ కుటుంబంతో కలిసి ఇల్లు ఊడ్చేస్తుంది. మన దగ్గర ఈ ఎత్తు 1892లోనే విజయనగరంలో రంగస్థలం ఎక్కింది. గురజాడ ‘కన్యాశుల్కం’లో ముసలి లుబ్ధావధాన్లుకు తక్కువ ధరకు పిల్ల దొరికిందని ఆశ. కరటకశాస్త్రి తన శిష్యుడికి ఆడవేషం వేసి, కూతురని చెప్పి, ముసలాయనకు కట్టబెట్టి డబ్బు తీసుకుంటాడు. పని కాగానే పెళ్లికూతురు మాయం. బేరం కుదిరిందని మురిసిన పిసినారికి ఇంతకు మించిన శిక్ష ఎవరు వేస్తారు?

మాయలో మేటి సావిత్రి

‘కన్యాశుల్కం’ 1955లో సినిమా అయినప్పుడు అందులోని వేశ్య మధురవాణి వేషం సావిత్రిది. రెండేళ్ళు తిరక్కుండానే 1957లో ‘మాయాబజార్’ వచ్చింది. ఘటోత్కచుడు శశిరేఖ రూపంలో పెళ్ళిపీటల మీద కూర్చుని లక్ష్మణకుమారుడి కాలు తొక్కి నలిపేసే ఘట్టంలో ఉన్నదీ సావిత్రే. 1963లో ‘నర్తనశాల’లో సైరంధ్రిగా కీచకుణ్ణి చీకటి గదికి రప్పించిందీ ఆమే. వేశ్యగా ఒకసారి, ఆడరూపంలో ఉన్న రాక్షసుడిగా ఒకసారి, పతివ్రతగా ఒకసారి మగవాళ్ళను బోల్తా కొట్టించిన మరో తార మనకు కనిపించదు. 2013లో ఒక జాతీయ టీవీ ఛానల్ పోల్‌లో భారతీయ సినిమాల్లో మేటిగా ‘మాయాబజార్’ నిలిచింది.

ఒకే మగాడు రెండుసార్లు

ఒకసారి మోసపోవడం ఎవరికైనా మామూలే. అదే మనిషి చేతిలో మళ్ళీ పడటంలో రికార్డు 1941 నాటి ‘ది లేడీ ఈవ్’ది. ఓడలో పేకాటతో డబ్బు గుంజే బార్బరా స్టాన్విక్‌ను, ఆమె సంగతి బయటపడ్డాక, కోటీశ్వరుడి కొడుకు హెన్రీ ఫోండా వదిలేస్తాడు. ఆమె ఇంగ్లండు దొరసానిగా పేరు మార్చుకుని అతని ఇంటికే వస్తుంది. ముఖం మారలేదు, మాట తీరు మారింది. అతను నమ్మి పెళ్ళి కూడా చేసుకుంటాడు.

ప్రకటన చూసి వచ్చిన వధువు

ఫ్రాన్సువా త్రుఫో 1969లో తీసిన ‘మిసిసిపీ మెర్మెయిడ్’లో పొగాకు తోటల యజమాని పత్రిక ద్వారా పెళ్ళి కుదుర్చుకుంటాడు. ఓడ దిగిన కాథరిన్ దెనెవ్ పోలిక ఫోటోలోని మనిషిది కాదు. అయినా అందం చూసి సర్దుకుంటాడు. కొన్నాళ్ళకు బ్యాంకులో సొమ్ము, ఇంట్లో పెళ్ళాం రెండూ ఉండవు. ఇదే కథను 2001లో ఏంజెలీనా జోలీతో ‘ఒరిజినల్ సిన్’గా తీశారు. మ్యాట్రిమోనీ సైట్లు నమ్ముకున్నవాళ్ళు చూడాల్సిన సినిమాలివి.

మూడు పుటకలు ఎత్తిన కథ

ఆడవాళ్ళను దోచే ఇద్దరు మగ మోసగాళ్ళ కథగా 1964లో ‘బెడ్‌టైమ్ స్టోరీ’ వచ్చింది. 1988లో ‘డర్టీ రాటన్ స్కౌండ్రల్స్’ అయినప్పుడు, అమాయకురాలనుకున్న పిల్లే ఇద్దరినీ ముంచిందని తేలింది. 2019లో ‘ది హజిల్’ వచ్చేసరికి మోసగాళ్ళిద్దరూ ఆడవాళ్ళే అయ్యారు.

మియామీ అప్పు, ఫిల్మ్‌నగర్ ముద్దుపేరు

ప్రవాసాంధ్ర రికార్డు కళావతిది. ‘సర్కారు వారి పాట’ (2022)లో మియామీలో వడ్డీ వ్యాపారి మహేష్‌బాబు దగ్గర చదువు పేరు చెప్పి కీర్తి సురేష్ వేల డాలర్లు తీసుకుని జూదంలో పెడుతుంది. పైసా వదలని మనిషి నవ్వు చూసి నోట్లు లెక్కపెట్టి ఇచ్చాడు. అదే ఏడాది ‘డీజే టిల్లు’లో నేహా శెట్టి రాధిక అయింది. ఇప్పుడు సోషల్ మీడియాలో ముంచిన ప్రతి అమ్మాయికీ అదే పేరు. తెలుగులో ‘కనులు కనులను దోచాయంటే’గా వచ్చిన 2020 తమిళ చిత్రం మరో మెట్టు ఎక్కింది. జనాన్ని మోసం చేసి బతికే ఇద్దరు కుర్రాళ్ళకు, హైదరాబాద్ అమ్మాయి రీతూ వర్మ, ఆమె స్నేహితురాలు తమకన్నా ఘనులని ఆలస్యంగా తెలుస్తుంది.

కోలారు ఆడపడుచు అవతలి పక్క

ములబాగిలు ప్రాంతం నుంచి వచ్చిన సౌందర్య కోలారు జిల్లా తెలుగు తెరకు ఇచ్చిన అతి పెద్ద తార. ‘ఫ్రెంచ్ కిస్’ ఆధారంగా 1997లో వచ్చిన ‘దొంగాట’లో దొంగ జగపతిబాబు. సౌందర్య మాత్రం మోసపోయేవాళ్ళ పక్క, దొంగసొత్తు తన సంచిలో ఉందని తెలియని అమాయకురాలు.

గెలుపు ఎవరిది?

ఈ మాయలేళ్ళలో ఎక్కువమందికి కథకులు చివర్లో ఒక ప్రాయశ్చిత్తం రాసిపెట్టారు. చింతామణికి కృష్ణభక్తి, ఈవ్‌కు ప్రేమ. మోసపోయిన మగవాడి అత్యాశకు మాత్రం శిక్ష రాసినవాళ్ళు తక్కువ. ఆ తూకం సరిచేసింది ‘కన్యాశుల్కం’ ఒక్కటే. లుబ్ధావధాన్లు పోగొట్టుకున్నది తన పిసినారితనం వల్ల, మధురవాణి విటుడు రామప్పంతులు భంగపడింది తన గొప్పల వల్ల. మధురవాణి ముంచింది ముంచేవాళ్ళనే. అంతకుముందు చెడనివాణ్ణి చెడగొట్టకూడదన్న నియమం ఆమెది. అందుకే ఇన్ని దేశాల కిలేడీలను వరసలో నిలబెట్టినా మొదటి బహుమతి విజయనగరానికే.

తెర బయట ఇలాంటి వలలో పడి ఆన్‌లైన్‌లో డబ్బు పోగొట్టుకుంటే మాత్రం సిగ్గుపడి కూర్చోకండి. వెంటనే సైబర్ నేరాల హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయండి.